2¹⁰³ చెప్పిన మనిషి: గణితావధాని లక్కోజు సంజీవరాయశర్మ

10141204801825835211973625643008

పైన ఉన్నది ఫోన్ నంబరు కాదు, ఆధార్ నంబరు అంతకన్నా కాదు. 2ను 103 సార్లు వేసుకుని గుణిస్తే వచ్చే జవాబు. లెక్కల భాషలో 2¹⁰³. మొత్తం 32 అంకెలు. 1966లో హైదరాబాదులో జరిగిన ఒక గణితావధాన సభలో లక్కోజు సంజీవరాయశర్మ గారిని ఈ ప్రశ్న అడిగారు. ఆయన నోటితో జవాబు చెప్పారు. పలక లేదు, బలపం లేదు, కాగితం లేదు. ఉన్నా ఆయనకు అక్కరకు రావు, ఎందుకంటే ఆయన పుట్టుకతోనే చూపు లేనివారు. ఆయన గురించి ఎవరు రాసినా ఈ సంఘటన చెప్పకుండా ఉండరు.

అప్పట్లో మన మేడ్చల్, శామీర్‌పేట కూడా హైదరాబాదు జిల్లాలోనివే. రంగారెడ్డి జిల్లా పుట్టింది 1978లో, మేడ్చల్-మల్కాజిగిరి పేరు వచ్చింది 2016లో. మేడ్చల్ స్టేషన్‌లో మీటర్ గేజ్ రైలెక్కితే ఆ సభ జరిగిన నగరానికి చేరడం పెద్ద ప్రయాణమేమీ కాదు. అయినా శర్మ గారి పేరు మన వైపు బడుల్లో వినపడేది తక్కువ. రామానుజన్ పటం ప్రతి లెక్కల గదిలో ఉంటుంది. శకుంతలాదేవి పేరు క్విజ్ పోటీల్లో వస్తుంది. తెలుగు నేల మీద పుట్టి, తెలుగులోనే జవాబులు చెప్పిన ఈ మనిషి మాత్రం మన పిల్లల దాకా రాలేదు. స్వర్ణోత్సవ సంచికలో లెక్కల వాళ్ల వంతుగా ఆయన కథ చెప్పుకుందామని ఈ వ్యాసం. పనిలో పనిగా ఆ 32 అంకెల సంఖ్యకు పక్కింట్లో ఉన్న మరో సంఖ్య గురించి కూడా. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

సంజీవరాయశర్మ గారు 1907 నవంబరులో కడప జిల్లా ప్రొద్దుటూరు దగ్గర కల్లూరు గ్రామంలో పుట్టారు. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీ. ఆ నాలుగు జిల్లాలకు ఇంకా రాయలసీమ అనే పేరు లేదు, దత్తమండలాలు అనేవారు. పల్లెటూళ్లో చూపు లేని బిడ్డ పుడితే ఆ రోజుల్లో ఇంటివాళ్లకు దిక్కు తోచేది కాదు. దేశంలో మొట్టమొదటి అంధుల పాఠశాల 1887లో అమృత్‌సర్‌లో మొదలైంది. కల్లూరు నుంచి అమృత్‌సర్ ఎంత దూరమో చెప్పనక్కర్లేదు. భారతీయ భాషలన్నిటికీ ఒకే రకమైన బ్రెయిలీ లిపి 1951లో ఖరారైంది. అప్పటికి శర్మ గారికి 44 ఏళ్లు. అంటే వేలితో తడిమి చదువుకునే అక్షరం కూడా ఆయన బాల్యానికి అందలేదు.

బడి మాత్రం ఇంకో దారిలో ఇంటికి వచ్చింది. అక్క బడి నుంచి వచ్చి పాఠాలు గట్టిగా వల్లె వేస్తుంటే పక్కన కూర్చుని విని, విన్నది విన్నట్టు పట్టుకున్నాడని ఆయన చిన్నతనం గురించి చెప్తారు. మన తరం వాళ్లకు ఇది సులభంగానే అర్థమవుతుంది. మనమూ ఎక్కాలు రాసి నేర్చుకోలేదు, పాడి నేర్చుకున్నాం. పంతొమ్మిదో ఎక్కం దగ్గర గొంతులు తగ్గిపోవడం, ఇరవైకి రాగానే మళ్లీ పైకి లేవడం అందరికీ గుర్తే. ఆ గొంతు తగ్గడం ఆ పిల్లవాడికి లేదు, అంతే తేడా. ఆ రోజుల లెక్కలు ఇప్పటి లెక్కలంత సులువైనవి కూడా కావు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. మణుగుకు 8 వీసెలు, వీసెకు 40 పలాలు. పత్తి బేరం చేసే ప్రొద్దుటూరు చుట్టుపక్కల పిల్లవాడికి ఈ మార్పిడులు ఊపిరి తీసినంత మామూలు. నయాపైసలు వచ్చింది 1957లో. పదుల లెక్కకు అలవాటుపడిన మనకు, 192 పైల రూపాయిని మూడు మణుగుల అయిదు వీసెల సరుకుకు పంచి చెప్పమంటే చెమటలు పడతాయి.

లెక్కలతో పాటు వయొలిన్ కూడా ఆయనకు వచ్చింది. సరదాకు వాయించడం కాదు, విద్వాంసుడనిపించుకునేంత. చెవినే నమ్ముకున్న మనిషికి ఈ రెండూ ఒకే చెట్టు కొమ్మలని నాకనిపిస్తుంది. తాళంలో అక్షరాల లెక్క తప్పకూడదు, గుణకారంలో మిగులు అంకె జారిపోకూడదు. రెండిటిలోనూ ఒకసారి దాటిపోయిన చోటికి వెనక్కి వెళ్లి చూసుకునే వీలు ఉండదు.

1928లో నంద్యాలలో ఆయన గణితావధానం నలుగురి ముందుకు వచ్చింది. ఇక్కడ ఒక చిన్న ముచ్చట: అదే ఏడు, అదే ఊళ్లో జరిగిన సభలోనే దత్తమండలాల పేరు రాయలసీమగా మారింది. సీమకు పేరు, సీమ అవధానికి వేదిక ఒకే ఊళ్లో దొరికాయన్నమాట. అప్పటికి ఆయన వయసు ఇరవై, ఇరవై ఒకటి.

అవధానం మనకు కొత్త కాదు. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి శతావధానాలు చేసి ఆ విద్యకు ఊపు తెచ్చారు. పృచ్ఛకులు చుట్టూ కూర్చుని తలో ప్రశ్న వేస్తారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఒకరు మధ్యలో అప్రస్తుత ప్రసంగంతో చెడగొట్టాలని చూస్తారు. గణితావధానంలో పద్యాల చోట అంకెలు ఉంటాయి. పెద్ద పెద్ద గుణకారాలు, వర్గాలు, ఘనాలు, మూలాలు, శ్రేఢులు. వాటితో పాటు జనానికి ఎక్కువ ఇష్టమైనది పుట్టిన తేదీ ప్రశ్న. తేదీ చెప్తే ఆ రోజు ఏ వారం, ఏ తిథి, ఏ నక్షత్రం అని ఆయన చెప్పేవారు. వారం చెప్పడం ఏడుతో భాగించి శేషం పట్టుకునే పని, కొద్దిగా సాధన చేస్తే మన పదో తరగతి పిల్లలూ చేయగలరు. తిథి అలా కాదు. సూర్యచంద్రుల మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. చంద్రుడి నడక రోజూ ఒకేలా ఉండదు. కాబట్టి ఆ లెక్కలో దిద్దుబాట్లు చాలా ఉంటాయి. పంచాంగకర్తలు పట్టికలు ముందేసుకుని చేసే పని అది.

అలా దేశమంతా తిరిగి ఆయన చేసిన అవధానాలు ఆరు వేలని చెప్తారు. బిరుదులు వచ్చాయి, శాలువాలు వచ్చాయి. వాటి జాబితా ఇక్కడ ఇవ్వడం లేదు. బిరుదులు చదివితే మనిషి కనపడడు.

మళ్లీ 1966 సభలోని సంఖ్య దగ్గరికి వద్దాం. మనమైతే ఈ లెక్క ఎలా చేస్తాం? 2¹⁰ అంటే 1024 అని అందరికీ తెలుసు. దాన్ని వర్గం చేస్తే 2²⁰, అది 1048576. ఇంకోసారి వర్గం చేస్తే 2⁴⁰. దానికి 1024 కలిపి గుణిస్తే 2⁵⁰, అంటే 1125899906842624. పదహారు అంకెలు. దీన్ని దీనితోనే గుణిస్తే 2¹⁰⁰ వస్తుంది, మరో 8తో గుణిస్తే 2¹⁰³. చెప్పడానికి నాలుగు వాక్యాలే. కానీ పదహారు అంకెలను పదహారు అంకెలతో నిలువుగా గుణించాలంటే 256 చిన్న గుణకారాలు. వాటిని మెట్లుగా పేర్చి కూడాలి. కాగితం మీదే వరసలు పక్కకు జరిగిపోతాయి. ఆయన తలలో ఆ వరసలు ఏ రూపంలో నిలబడ్డాయో మనం ఊహించుకోవలసిందే. చూసిన కాగితం గుర్తు రావడానికి ఆయన కాగితాన్ని ఎన్నడూ చూడలేదు.

అంకెలు 32 అని ముందే ఎలా తెలుస్తుందో ఇంటర్ చదివిన వాళ్లు చెప్పగలరు. 2కు సంవర్గమానం 0.30103. దాన్ని 103తో గుణిస్తే 31 కన్నా ఒక్క పిసరు ఎక్కువ. కాబట్టి 32 అంకెలు, మొదటి అంకెలు 1014. 31ని అలా గీకుతూ దాటడం వల్లే ఆ సంఖ్య 10తో మొదలైంది.

ఇక పక్కింటి సంఖ్య. 2¹⁰³ లోంచి ఒకటి తీసేస్తే చివరి అంకె 8 కాస్తా 7 అవుతుంది. చూడటానికి తేడా ఆ ఒక్క అంకే. కానీ స్వభావంలో ఈ రెండిటికీ పోలిక లేదు. 2¹⁰³ పారదర్శకమైన సంఖ్య, అందులో 2లు తప్ప ఇంకేమీ లేవు. దాని కారణాంకాలు అడిగితే అయిదో తరగతి పిల్లవాడూ చెప్తాడు. దాని పక్కన ఉన్నది ప్రధాన సంఖ్యా కాదా అని అడిగితే ఆచార్యులు కూడా కాసేపు మౌనం వహిస్తారు.

ఇలాంటి సంఖ్యలకు మెర్సెన్ సంఖ్యలని పేరు. మారిన్ మెర్సెన్ ఫ్రాన్సులో 17వ శతాబ్దపు క్రైస్తవ సన్యాసి. 2 ఘాతాల్లోంచి ఒకటి తీస్తే 3, 7, 31, 127 లాంటి ప్రధాన సంఖ్యలు వస్తుంటాయి. ఘాతాంకం సంయుక్త సంఖ్య అయితే ఫలితం కూడా సంయుక్తమే. ఉదాహరణకు 2⁶ లోంచి ఒకటి తీస్తే 63, అది 7 తొమ్ముదులు. అయితే ఘాతాంకం ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన ఫలితం ప్రధానం అవుతుందా? ఇక్కడే చాలామంది పడతారు. 11 ప్రధాన సంఖ్యే. కానీ 2¹¹ లోంచి ఒకటి తీస్తే 2047, అది 23 గుణించు 89. 1644లో మెర్సెన్ 257 వరకు ఏ ఘాతాంకాలు పనికొస్తాయో ఒక జాబితా ప్రకటించాడు. అందులో 67, 257 తప్పుగా చేరాయి. 61, 89, 107 తప్పిపోయాయి. ఈ తప్పులన్నీ తేలడానికి మూడు వందల ఏళ్లు పట్టింది.

మన 103 మెర్సెన్ జాబితాలో లేదు. ఆ ఒక్క చోట ఆయన మాట నిజమే. 103 ప్రధాన సంఖ్య అయినా, 2¹⁰³ లోంచి ఒకటి తీస్తే వచ్చేది ప్రధాన సంఖ్య కాదు. దాన్ని రెండు ప్రధాన సంఖ్యలుగా విడగొట్టవచ్చు: 2550183799, 3976656429941438590393. మొదటిది పది అంకెలు, రెండోది ఇరవై రెండు అంకెలు.

ఈ పది అంకెల కారణాంకాన్ని వెతకడం ఎంత కష్టమో చూడండి. ఘాతాంకం ప్రధాన సంఖ్య అయినప్పుడు మెర్సెన్ సంఖ్యను భాగించే ఏ ప్రధాన సంఖ్య అయినా ఆ ఘాతాంకానికి రెట్టింపు తీసుకుని, దాని గుణిజానికి ఒకటి కలిపితే వచ్చేదే అయి ఉండాలి. 11 విషయంలో రెట్టింపు 22. 22కు ఒకటి కలిపితే 23. నాలుగు ఇరవై రెండ్లకు ఒకటి కలిపితే 89. సరిపోయింది కదా. 103కు రెట్టింపు 206. కాబట్టి 207, 413, 619 అంటూ 206 చొప్పున మెట్లెక్కుతూ వెతకాలి. వీటిలో పనికిరానివి కొన్ని వదిలేయవచ్చు. అయినా ఆ పది అంకెల సంఖ్య 1,23,79,533వ మెట్టు మీద కూర్చుని ఉంది. మెట్టుకు ఒక్క నిమిషం చొప్పున రాత్రీ పగలూ ఎక్కినా ఇరవై మూడేళ్లు దాటుతుంది.

అన్ని మెట్లు ఎక్కకుండా తేల్చే ఉపాయాన్ని కనిపెట్టింది ఒక బడిపంతులు. పేరు ఎదువార్ లూకా. ఫ్రాన్సులో ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పేవాడు. మన పిల్లలు ఆడే హనోయ్ గోపురం ఆట ఆయనదే, దానికి కాశీ గుడిలో 64 బంగారు పళ్లేల కథ తగిలించి 1883లో జనంలోకి వదిలారు. ఆయన పద్ధతిని 1930లో లేమర్ అనే అమెరికన్ సులువు చేశాడు. 31 మీద చేసి చూద్దాం. 31 అంటే 2⁵ లోంచి ఒకటి తీసినది. 4తో మొదలుపెట్టండి. వర్గం చేసి 2 తీసేయండి, 14. మళ్లీ వర్గం చేసి 2 తీసేస్తే 194, దాన్ని 31తో భాగిస్తే శేషం 8. మళ్లీ వర్గం చేసి 2 తీసేస్తే 62, 31తో భాగిస్తే శేషం సున్న. ఘాతాంకం కన్నా రెండు తక్కువ సార్లు, అంటే ఇక్కడ మూడుసార్లు చేశాక సున్న వస్తే ఆ సంఖ్య ప్రధానం. రాకపోతే కాదు. ఇంత చిన్న ఉపాయం అంత పెద్ద ప్రశ్నను తేలుస్తుందంటే మొదటిసారి విన్నప్పుడు నమ్మబుద్ధి కాదు. 1876లో లూకా 2¹²⁷ లోంచి ఒకటి తీస్తే వచ్చే 39 అంకెల సంఖ్య ప్రధానమని తేల్చాడు. 1951 దాకా దాన్ని మించిన ప్రధాన సంఖ్య ఎవరికీ దొరకలేదు. యంత్రం లేకుండా మనిషి తేల్చిన ప్రధాన సంఖ్యల్లో నేటికీ అదే పెద్దది.

అదే సంవత్సరం లూకా 67 ఘాతాంకం పనికిరాదని కూడా చెప్పాడు. కానీ కారణాంకాలు ఆయనకు తెలియవు. సంయుక్తమని తెలుసు, దేనితో పోతుందో తెలియదు. 1903 అక్టోబరులో న్యూయార్కులో ఫ్రాంక్ నెల్సన్ కోల్ అనే ఆచార్యుడు వేదికెక్కి, నోరు విప్పకుండా, నల్లబల్ల మీద ఒక పక్క 2⁶⁷ లెక్కగట్టి ఒకటి తీసేశాడు. రెండో పక్క 193707721, 761838257287 రాసి గుణించాడు. రెండు జవాబులూ ఒకటే. సభ లేచి చప్పట్లు కొట్టింది. ఆ రెండు సంఖ్యలు పట్టుకోవడానికి ఆయనకు మూడేళ్ల ఆదివారాలు పట్టాయట.

ఇదంతా శర్మ గారి కథలోకి ఎందుకు వచ్చిందంటే, లూకా పరీక్షలో ఉన్న పని ఏమిటో గమనించండి. వర్గం చేయడం, రెండు తీయడం, భాగించి శేషం ఉంచుకోవడం. 103 ఘాతాంకానికి ఇది 101 సార్లు చేయాలి, ప్రతిసారీ చేతిలో 32 అంకెల దాకా ఉండే సంఖ్య. సరిగ్గా శర్మ గారి తల రోజూ చేసిన పని ఇదే. ఆయన మొదటి అవధానం నుంచి 1950 దాకా ప్రపంచంలో ఈ పనికి మనుషులే దిక్కు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో హొరేస్ ఉలర్ అనే ఆచార్యుడు 1944 నుంచి 1947 దాకా బల్ల మీద పెట్టుకునే లెక్కల యంత్రంతో ఆరు మెర్సెన్ సంఖ్యలను పరీక్షించాడు. 157, 167, 193, 199, 227, 229 ఘాతాంకాలవి. ఆరూ సంయుక్తాలే అని తేలింది. అది ఓటమి కాదు, గణితంలో అదీ ఒక జవాబే. అదే సంవత్సరాల్లో మన దగ్గర అంతటి లెక్కల మనిషి ఊరూరా తిరిగి పుట్టినరోజు ప్రశ్నలకు జవాబులు చెప్తున్నారు.

తప్పు ఆయనదని కాదు. అడిగిన ప్రశ్నకే అవధాని జవాబు చెప్తాడు. అడిగేవాళ్లం మనం. 2¹⁰³ ఎంత అని అడగడానికి మనకు తోచింది. ఒకటి తగ్గించి, ఇది ప్రధానమా కాదా తేల్చండి, ఏడాది తీసుకోండి, జీతం ఇస్తాం అని అడగడం ఏ సంస్థకూ తోచినట్టు కనపడదు.

అలా అడిగిన దేశం ఒకటి ఉంది కాబట్టి ఈ మాట అంటున్నాను. జర్మనీలో జకారియాస్ డాజె అని 1824లో పుట్టిన ఒక లెక్కల అవధాని ఉండేవాడు. ఆయనా శర్మ గారిలాగే ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చేవాడు. వంద అంకెల సంఖ్యను వంద అంకెల సంఖ్యతో నోటితో గుణించినవాడు. రేఖాగణితం మాత్రం ఎంత చెప్పినా తలకెక్కలేదని అంటారు. మహా గణితవేత్త గౌస్ ఆయన శక్తిని చూసి, దీన్ని తమాషాలకు ఖర్చు చేయడం దేనికి, లక్షల సంఖ్యల కారణాంకాల పట్టికలు చేయిస్తే శాస్త్రానికి పనికొస్తుందని సూచించాడు. హాంబర్గులోని శాస్త్ర సంఘం డబ్బు సమకూర్చింది. డాజె 60 లక్షల నుంచి 90 లక్షల మధ్య సంఖ్యలకు కారణాంకాలు, ప్రధాన సంఖ్యలు పట్టిక కట్టే పనిలో కూర్చున్నాడు. 1861లో చనిపోయేనాటికి పని దాదాపు పూర్తయింది. ఆ పట్టికలు అచ్చయ్యాయి. ప్రధాన సంఖ్యలు పైకి వెళ్లేకొద్దీ ఎంత పలచబడతాయో చూడటానికి తర్వాతి తరాలు వాటిని వాడుకున్నాయి.

చూపు లేకపోవడం ఈ పనికి అడ్డు కాదా అని ఎవరైనా అనవచ్చు. ఆయిలర్‌ను చూడండి. 1772లో 2³¹ లోంచి ఒకటి తీస్తే వచ్చే 2147483647 ప్రధాన సంఖ్యేనని నిరూపించేనాటికి ఆయనకు రెండు కళ్లూ దాదాపు పోయాయి. భాగించగలిగిన సంఖ్యలు 248 గుణిజానికి 1 గాని 63 గాని కలిపినవే అయి ఉండాలని ముందు తేల్చుకున్నాడు. ఆ రెండు రకాల్లో 46341 లోపు ఉన్న ప్రధాన సంఖ్యలను ఒక్కొక్కటిగా సరిచూస్తే సరిపోయింది. దాదాపు వందేళ్లు ప్రపంచానికి తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య అదే. ఆయన చుట్టూ కొడుకులు, శిష్యులు కూర్చుని చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టారు. సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీ జీతమిచ్చింది. ఆయిలర్ మేధను శర్మ గారి ప్రతిభతో సమానం చేయడం లేదు. ఆయిలర్ కొత్త గణితం పుట్టించాడు, శర్మ గారు ఉన్న గణితాన్ని మెరుపులా నడిపించారు. రెండూ వేరు. లెక్క చేయడం వేరు, ఎందుకు అలా వస్తుందో నిరూపించడం వేరు అని మన మాస్టార్లు చెప్పిన మాట ఇక్కడా వర్తిస్తుంది. నేను చూస్తున్నది పక్కన కూర్చుని రాసిపెట్టే మనిషి సంగతి. శర్మ గారికి చిన్నప్పుడు అక్క ఉంది. పెద్దయ్యాక ఆ చోటు ఖాళీగా ఉండిపోయిందనిపిస్తుంది. ఆయన తన పద్ధతులు చెప్తుంటే కూర్చుని రాసుకున్న లెక్కల ఆచార్యుడు ఒక్కరు ఉండి ఉంటే ఈ రోజు మన దగ్గర ఒక పుస్తకం ఉండేది. ఇప్పుడు మిగిలింది జవాబులే.

హైదరాబాదు సభ జరిగేనాటికి కాలం మారిపోయింది. 1952లో అమెరికాలో ఒక కంప్యూటర్ ఒక్క ఏడాదిలో అయిదు కొత్త మెర్సెన్ ప్రధాన సంఖ్యలు పట్టింది, అందులో పెద్దది 2²²⁸¹ లోంచి ఒకటి తీసినది. 1960 నాటికి బొంబాయిలో టాటా సంస్థలో మన సొంత కంప్యూటర్ టిఫ్రాక్ నడుస్తోంది. కాబట్టి 1966లో ఆ 32 అంకెలు చెప్పినప్పుడు ప్రపంచానికి అవి అవసరమై కాదు. ఒక మనిషి తల ఏం మోయగలదో చూడటానికి జనం వచ్చారు. చూశారు. అదీ తక్కువేం కాదు. ఇప్పటికి తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య 2024 అక్టోబరులో ప్రకటించినది, 2ను 13,62,79,841 సార్లు వేసుకుని గుణించి ఒకటి తీసినది. దానిలో 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలున్నాయి. దాన్ని తలలో మోసేవాడు ఎవరూ లేడు, చదివి వినిపించడానికి కూడా ఏడాది సరిపోదు.

శర్మ గారి చివరి ఏళ్లు శ్రీకాళహస్తిలో గడిచాయి. వయొలిన్ ఆయనతోనే ఉంది. 1997 డిసెంబరులో, తొంభై నిండాక కన్నుమూశారు. అప్పటికి మన బడికి పాతికేళ్లు కూడా నిండలేదు. మనలో చాలామంది ఆయన బతికుండగా చదువుకున్నవాళ్లమే. పిలిస్తే వచ్చి ఉండేవారేమో, పిలవాలని ఎవరికీ తట్టలేదు.

ఇప్పుడు చూపు లేని పిల్లలకు చట్టం అండ ఉంది. 2009 విద్యాహక్కు చట్టం, 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చాయి. మండలాల్లో భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. ఫోన్ అక్షరాన్ని చదివి వినిపిస్తుంది. అయినా అలాంటి పిల్లలను లెక్కల వైపు పోనివ్వకుండా, పటాలు గీయలేరు, మెట్లు రాయలేరు అని పక్కకు మళ్లించే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. మన సంఘం ఇస్తున్న ఉపకార వేతనాల్లో ఒకటి, మేడ్చల్ గాని శామీర్‌పేట గాని మండలంలో చూపు లేకుండా లెక్కలు చదవాలనుకునే విద్యార్థికి ఆయన పేరిట కేటాయిస్తే బాగుంటుందని నా మనవి. డబ్బుతో పాటు పక్కన కూర్చుని చదివి వినిపించే, రాసిపెట్టే ఒక మనిషిని కూడా ఇవ్వాలి. పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టార్లు మనలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టనక్కర్లేదు.

ఇంకొక మనవి, ఇది ఖర్చు లేనిది. ఉత్సవం రోజున పదో తరగతి గది నల్లబల్ల మీద శర్మ గారు చెప్పిన 32 అంకెల సంఖ్య రాసి, కింద ఒకటి తీసేసి, దాని కింద ఆ రెండు కారణాంకాలు రాసి వదిలేద్దాం. 2550183799 ఒక పక్క, 3976656429941438590393 ఇంకో పక్క. ఫోన్లు బయట పెట్టించి, గుణించి సరిచూడమని పిల్లలకు చెప్పాలి. 220 చిన్న గుణకారాలు. ఇద్దరిద్దరుగా కూర్చుని, ఒకరు చెప్తుంటే ఒకరు రాస్తే, భోజనం గంట కొట్టేలోపు అయిపోతుంది.